మొదటి ఫుల్ మారథాన్‌కు లాంగ్ రన్ ఎంత దూరం పరిగెత్తాలి, ఎంత నెమ్మదిగా?

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. వయసు 38, బరువు 72 కిలోలు. డిసెంబర్‌లో హాఫ్ మారథాన్ 2 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేశారు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో మొదటి ఫుల్‌కు, అంటే 42.195 కిలోమీటర్లకు, పేరు ఇచ్చారు. ఇంకా 13 వారాలుంది. మంగళవారం 6, గురువారం 6, ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు, 24 కిలోమీటర్లు. ఆ 24లో మొదటి పది 6:30 పేస్‌లో, అంటే కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున, వెళ్తున్నారు, 18 దాటాక కాళ్ళు మొరాయిస్తున్నాయి, చివరి మూడు నాలుగు కిలోమీటర్లు నడకే. ఇంటికొచ్చాక తలనొప్పి, సాయంత్రం దాకా మంచం దిగలేకపోతున్నారు. ఈలోగా మీ గ్రూప్‌లో ఒకరు "ట్రైనింగ్‌లో ఒక్కసారైనా 38 కొట్టకపోతే ఫుల్ పూర్తి చేయలేవు" అన్నారు. 24కే ఇలా ఉంటే 38 ఎలా అని మీ టెన్షన్.

సూటిగా జవాబు చెప్తాను. 38 అక్కర్లేదు. మొదటి ఫుల్‌కు 28 నుంచి 30 మధ్య ఒకటి రెండు పరుగులు చాలు. ఆదివారం మీ వేగం ఎక్కువైంది, మిగతా ఆరు రోజుల్లో పరిగెత్తేది తక్కువైంది. మీ ఇబ్బంది అంతా ఈ రెండింట్లోనే ఉంది. ఇవి సరిచేసుకుంటే ఉన్న 13 వారాలు మీకు సరిపోతాయి.

వేగం సంగతి ముందు చూద్దాం. 2:20 హాఫ్ అంటే కిలోమీటరుకు దాదాపు 6:38. అది పోటీ రోజున, చలికాలం పొద్దున, చుట్టూ జనం, దారిలో నీళ్ళు అందించేవాళ్ళు ఉండగా, ఉన్న బలమంతా పెట్టి తీసిన పేస్. ఇప్పుడు మే నెల వేడిలో, ఒంటరిగా, 24 కిలోమీటర్ల పరుగును 6:30తో మొదలుపెడుతున్నారు. మీ బెస్ట్ హాఫ్‌కన్నా వేగంగా ప్రతి ఆదివారం బయల్దేరుతున్నారన్నమాట. 18 దగ్గర కాళ్ళు ఆగిపోవడంలో వింతేమీ లేదు. ఎవరికైనా అదే జరుగుతుంది.

హాఫ్ టైమును రెట్టింపు చేసి పది పదిహేను నిమిషాలు కలిపితే ఫుల్ అంచనా వస్తుందని అంటారు. మీకు అది 4 గంటల 50 - 55 నిమిషాలు. కానీ ఆ లెక్క చల్లటి వాతావరణం, చదునైన దారి, వారానికి 60, 70 కిలోమీటర్లు పరిగెత్తినవాళ్ళకు నప్పుతుంది. ఆగస్టు ఉక్కపోత, మన ఫ్లైఓవర్లు, మొదటి ఫుల్, ఈ మూడూ కలిపి చూస్తే మీకు 5:10 నుంచి 5:20 న్యాయమైన లక్ష్యం. అంటే రేసు పేస్ 7:30కి అటూ ఇటూ. లాంగ్ రన్ దానికన్నా నెమ్మదిగా, 7:40 నుంచి 8:15 మధ్య ఉండాలి. ఎండ ఎక్కువున్న రోజు 8:30 అయినా ఫర్వాలేదు. ఈ అంకె చూసి మీకు చిన్నతనంగా అనిపించొచ్చు. గ్రూప్‌లో అందరూ ముందుకెళ్ళిపోతుంటే వెనక ఉండడం కష్టమే. అయినా ఉండండి. పక్కనున్నవాళ్ళతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండేసి మాటలకు ఊపిరి అందకపోతే వాచీలో ఏమున్నా సరే, తగ్గించాలి.

ఎందుకంత నెమ్మది అంటే, శరీరం దాచుకున్న ఇంధనం లెక్క చూడండి. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 72 కిలోల మనిషి 42.195 కిలోమీటర్లు వెళ్ళాలంటే మూడు వేల కేలరీలు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ (ఒళ్ళు దాచుకున్న చక్కెర) రూపంలో ఉండేది దాదాపు 2,000 కేలరీలే. మిగతాది కొవ్వు నుంచి రావాలి. కొవ్వుకు లోటు లేదు, సన్నగా ఉన్నవాళ్ళలో కూడా పదుల వేల కేలరీలుంటుంది. చిక్కల్లా ఏమిటంటే కొవ్వు నిదానంగా కరుగుతుంది, దానికి ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి. వేగం పెంచేకొద్దీ శరీరం గ్లైకోజెన్ వైపు మొగ్గుతుంది. అది అడుగంటినప్పుడు వచ్చేదే 30, 32 కిలోమీటర్ల దగ్గర అందరూ చెప్పే 'వాల్', గోడకు గుద్దుకున్నట్టు కాళ్ళు ఆగిపోవడం. మీకు 24లోపే వస్తోందంటే వేగమే ముఖ్య కారణం. ఏమీ తినకుండా వెళ్తే అది ఇంకా తొందరగా వస్తుంది.

నెమ్మదిగా రెండు మూడు గంటలు పరిగెత్తితే ఒంట్లో జరిగే మార్పులు వేరు. కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, కండరాల చుట్టూ సన్నటి రక్తనాళాలు కొత్తగా ఏర్పడతాయి, అదే వేగానికి కొవ్వును ఎక్కువగా, గ్లైకోజెన్‌ను తక్కువగా వాడడం ఒంటికి అలవాటవుతుంది. ఇంకోటి చాలామంది పట్టించుకోరు. గంటన్నర, రెండు గంటలు దాటాక, అప్పటిదాకా పనిచేసిన కండర పోగులు అలిసిపోతాయి, మామూలుగా వేగంగా పరిగెత్తేటప్పుడే వాడే పోగులు కూడా పనిలోకి దిగుతాయి. నెమ్మదిగానే వెళ్తూ వాటికీ ఓర్పు నేర్పినట్టవుతుంది. ఇది ఐదారు కిలోమీటర్ల పరుగులో జరగదు. లాంగ్ రన్‌కు బదులు ఇంకేదీ సరిపోదు అనడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 1950ల నుంచే తన శిష్యులందరినీ ఆక్లాండ్ దగ్గరి కొండదారుల్లో ఆదివారం 35 కిలోమీటర్ల పరుగుకు తీసుకెళ్ళేవాడు. అందులో పీటర్ స్నెల్ కూడా ఉన్నాడు. స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లలో స్వర్ణం గెలిచాడు, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. రెండు నిమిషాల్లోపు ముగిసే పందెం పరిగెత్తేవాడికి కూడా ఆదివారం సుదీర్ఘ పరుగు పునాది అయింది.

ఇక 38 సంగతి. ఆ మాట చెప్పినవాళ్ళు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. మేటి పరుగువీరులు 35, 40 కిలోమీటర్లు ట్రైనింగ్‌లో పరిగెత్తుతారు కదా అన్నది వాళ్ళ ఆలోచన. నిజమే, ఎలియుడ్ కిప్చోగే కెన్యాలో ఎత్తైన ప్రాంతాల మట్టిరోడ్ల మీద 40 కిలోమీటర్ల పరుగులు చేసేవాడు. కానీ దానికి ఆయనకు పట్టేది రెండున్నర గంటలలోపే. మీ పేస్‌కు 38 అంటే ఐదు గంటలు. ఎముకకు, కండరానికి, స్నాయువుకు కిలోమీటరు రాళ్ళు కనిపించవు, ఎంతసేపు కుదుపు పడ్డామన్నదే తెలుస్తుంది. అందుకే లాంగ్ రన్‌ను గంటల్లో కొలవండి అని నా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తాను.

అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ లాంగ్ రన్‌కు రెండున్నర గంటలు హద్దు పెట్టాడు, వారం మొత్తం దూరంలో అది 25, 30 శాతం మించకూడదన్నాడు. సూత్రం మంచిది. కానీ ఐదు గంటల్లో ఫుల్ పూర్తి చేసేవాళ్ళకు రెండున్నర గంటలంటే 19, 20 కిలోమీటర్లే అవుతుంది. రేసులో ఇంకా సగానికి పైగా తెలియని దారిలా మిగిలిపోతుంది, మనసు దానికి ఒప్పుకోదు. నేను చూసినంతలో మీలాంటివాళ్ళకు మూడున్నర గంటలు సరైన హద్దు, ఒకటి రెండుసార్లు మాత్రం 3:45 దాకా వెళ్ళొచ్చు. దాని తర్వాత పరిగెత్తే ప్రతి అరగంటకూ లాభం తగ్గిపోతుంది, కోలుకోవడానికి పట్టే రోజులు మాత్రం పెరుగుతాయి. ఐదు గంటల పరుగు తర్వాత రెండు వారాలు సరిగ్గా ట్రైనింగ్ చేయలేరు. ఆ రెండు వారాల్లో పోగొట్టుకున్నది 38 కిలోమీటర్లు ఇచ్చినదానికన్నా ఎక్కువ.

మరి చివరి పన్నెండు కిలోమీటర్లకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? వారాల మొత్తం నుంచి. ఇక్కడే మీ రెండో లోపం ఉంది. వారానికి మీరు 36 పరిగెత్తితే అందులో 24 ఒక్క ఆదివారానిదే, మూడింట రెండు వంతులు. ఆరు రోజులు పస్తులుండి ఏడో రోజు విందు తిన్నట్టుంది ఇది. ముందు ఇది మార్చండి. మంగళవారం 8 సులువుగా. గురువారం 10తో మొదలుపెట్టి నెల తిరిగేసరికి 13, 14కు తీసుకెళ్ళండి. ఆఫీసు రోజుల్లో గురువారం గంటన్నర దొరకడం కష్టమని తెలుసు, కానీ ఏ ఒక్క పరుగు కాపాడుకోవాలంటే దాన్నే కాపాడుకోండి. ఆదివారం తర్వాత అంతటి విలువ దానిదే. శనివారం 5, 6 చాలా నెమ్మదిగా, మరుసటి రోజు కాస్త అలిసిన కాళ్ళతో బయల్దేరేలా. సోమవారం పూర్తి విశ్రాంతి. బుధవారమో శుక్రవారమో ఒక ఇరవై నిమిషాలు ఇంట్లోనే గుంజీలు, ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచడం, పిక్కలకు మడమలెత్తే వ్యాయామం, మోచేతుల మీద ఒళ్ళు తిన్నగా నిలిపే ప్లాంక్. దీంతో వారం 50 దాటుతుంది, ఆదివారం వాటా సగానికి దిగుతుంది.

ఆదివారాలు ఇలా పెట్టుకోండి. ఈ వారం తగ్గించి 20. తర్వాత 22, 24, నాలుగో వారం 18కి దిగాలి. మళ్ళీ 25, 27, ఏడో వారం 20. ఎనిమిదో వారం 29, తొమ్మిదో వారం 22. పదో వారం, అంటే రేసుకు సరిగ్గా మూడు వారాల ముందు, 30. ఆ తర్వాత 20, 14, ఆపై రేసు. 29 అయినా, 30 అయినా పూర్తి కాకముందే గడియారం 3:45 దాటితే అక్కడే ఆపేయండి, 28 దగ్గర ఆగినా మీ మారథాన్‌కు నష్టమేమీ లేదు. దూరం తగ్గించిన వారాలను మాత్రం వదిలెయ్యకండి. గుండె, ఊపిరితిత్తులు నాలుగైదు వారాల్లోనే పుంజుకుంటాయి, ఎముకలకూ స్నాయువులకూ నెలలు పడుతుంది. ఊపిరి బాగుంది కదా అని దూరం పెంచుకుంటూ పోయినవాళ్ళే ఎక్కువగా గాయాలతో ఆగిపోతారు.

ఏడో వారం 20లో, తొమ్మిదో వారం 22లో చివరి 6 కిలోమీటర్లు రేసు పేస్‌లో, 7:30లో పరిగెత్తి చూడండి. అలిసిన కాళ్ళతో ఆ వేగం ఎలా ఉంటుందో ముందే తెలియాలి. మిగతా ఆదివారాలు ఒక్కటీ గట్టిగా పరిగెత్తొద్దు.

నడక గురించి సిగ్గుపడుతున్నట్టు రాశారు. సిగ్గెందుకు? కాళ్ళు ఆగిపోయాక నడవడం వేరు, మొదటి నుంచీ లెక్క ప్రకారం నడవడం వేరు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే ఈ పరుగు-నడక పద్ధతిని లక్షల మందికి చేరవేశాడు. మీరు తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం చురుగ్గా నడక, మొదటి పది నిమిషాల నుంచే మొదలుపెట్టండి. నీళ్ళు తాగడానికి, ఏదైనా తినడానికి ఆ నిమిషం పనికొస్తుంది. మొత్తం టైములో తేడా చాలా తక్కువ ఉంటుంది, సాయంత్రానికి మీ కాళ్ళలో తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

ఇప్పుడు వాతావరణం. హైదరాబాద్ మారథాన్‌కు తయారయ్యేవాళ్ళకు ఇది తప్పని చిక్కు. ట్రైనింగ్ మొదటి సగం ఎండల్లో, రెండో సగం వానాకాలం తేమలో. జూన్‌లో తొలకరి పడగానే "హమ్మయ్య, చల్లబడింది" అనుకుంటాం. కానీ పరుగుకు తేమ కూడా వేడంత చెడ్డది. మనం ఖర్చు చేసే శక్తిలో దాదాపు మూడొంతులు వేడిగానే బయటికి పోవాలి. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాల్లో తేమ 90 శాతం ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. 23 డిగ్రీలే కదా అని చలికాలం పేస్‌లో వెళ్తే గంటలో గుండె వేగం ఆకాశాన్ని అంటుతుంది. అలాంటి రోజుల్లో కిలోమీటరుకు 15 నుంచి 30 సెకన్లు నెమ్మదిగా వెళ్ళడం తెలివైన పని. విశాఖలో బీచ్ రోడ్డు మీద, విజయవాడలో పరిగెత్తేవాళ్ళకు ఈ ఉక్క సంగతి మనకన్నా బాగా తెలుసు.

ఒంటికి వేడి అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది. ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీదే వారమంతా పరిగెత్తి ఆదివారం ఒక్కసారి బయటికొస్తే ఈ అలవాటు రాదు. మే నెలలో లాంగ్ రన్ తెల్లవారుజామున 4, 4:30కే మొదలుపెట్టి 7:30 కల్లా ముగించండి. పరుగులో ఉన్నట్టుండి చలి వేసినా, మాట తడబడినా, ఎక్కడున్నారో గందరగోళంగా అనిపించినా అది వడదెబ్బ కావచ్చు. అప్పుడు ఆగి, నీడలోకి వెళ్ళి, ఒంటి మీద నీళ్ళు, ఐసు ఏది దొరికితే అది పోసుకుంటూ 108కి ఫోన్ చేయించాలి. పక్కనున్నవాళ్ళకు ఈ లక్షణాలు ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ స్థితిలో మీకు మీరే గుర్తుపట్టలేరు.

మీ తలనొప్పి గురించి. "నీళ్ళు బాగానే తాగుతున్నాను" అన్నారు. బాగా అంటే ఎంత? కొలిచి చూడండి. పరుగుకు ముందు, వచ్చాక ఒళ్ళు తుడుచుకుని, బరువు చూసుకోండి. ఉదాహరణకు వెళ్ళేటప్పుడు 72, వచ్చాక 70.4, దారిలో ఒక లీటరు తాగారు అనుకుందాం. రెండున్నర గంటల్లో 2.6 లీటర్ల చెమట పోయింది, అంటే గంటకు లీటరు. అందులో సగం నుంచి మూడొంతుల దాకా దారిలో తాగితే చాలు, మిగతాది ఇంటికొచ్చాక. అలాకాక బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగారు. అదింకా ప్రమాదం, ఎందుకంటే రక్తంలో ఉప్పు (సోడియం) పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్ పూర్తి చేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్ళకు, నాలుగు గంటలకు పైగా పట్టినవాళ్ళకు ముప్పు ఎక్కువని ఆ అధ్యయనంలో తేలింది. మనలాంటి నెమ్మది పరుగువాళ్ళే అన్నమాట. తలనొప్పి నీళ్ళు చాలక కూడా రావచ్చు, ఉప్పు పలచబడి కూడా రావచ్చు. తూకం చూడకుండా ఇంకా నీళ్ళు తాగమని నేను చెప్పను.

ఉప్పుకు ఓఆర్ఎస్ మంచిది, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. కొనేటప్పుడు అది డబ్ల్యూహెచ్ఓ ఫార్ములానో కాదో చూడండి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టి అమ్మిన తీపి పానీయాలు ఏళ్ళ తరబడి మందుల షాపుల్లో దొరికాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ చాలా కాలం పోరాడితే 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపింది. ఇంకో సంగతి, అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది ఉప్పు, నీళ్ళ లోటు తీరుస్తుంది, పరుగుకు శక్తి ఇవ్వదు. తిండి వేరుగా కావాలి.

ఎంత తినాలి? రెండు గంటలు దాటే పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం. మీరు 30, 40తో మొదలుపెట్టండి. పరుగులో పిండుకుని మింగే తీపి గుజ్జు ప్యాకెట్, అంటే ఒక జెల్‌లో, 22 నుంచి 25 గ్రాములుంటుంది. మధ్యరకం అరటిపండులో, నాలుగైదు చిన్న ఖర్జూరాల్లో, పాతిక గ్రాముల బెల్లం ముక్కలో కూడా దాదాపు అంతే. ఖరీదు పెట్టి జెల్స్ కొనాలని లేదు. అయితే 30 కిలోమీటర్ల దగ్గర నోరెండిపోయి ఖర్జూరం నమలడం కష్టం, అందుకే చాలామంది రెండో సగానికి జెల్ దగ్గర పెట్టుకుంటారు. ఏదైనా నీళ్ళతో తీసుకోవాలి. ఆకలేసేదాకా ఆగొద్దు. మొదటిది 40 నిమిషాలకే, తర్వాత ప్రతి 35, 40 నిమిషాలకొకటి. కడుపుకు కూడా ఇది సాధన కావాలి. మొదటి రెండు ఆదివారాలు వికారంగా అనిపించినా తర్వాత సర్దుకుంటుంది. రేసు రోజు ఏం తినాలనుకుంటున్నారో 27, 29, 30 పరుగుల్లో అదే తినండి.

శనివారం రాత్రి తెల్లన్నం, చారు, పెరుగు. పప్పు, గోంగూర, మాంసం, బిర్యానీ ఆదివారం మధ్యాహ్నానికి ఉంచుకోండి. పీచు, నూనె, మసాలా ఉన్నదేదైనా తెల్లవారుజామున పదిహేనో కిలోమీటరు దగ్గర బాత్రూం వెతికిస్తుంది. దారిలో పెట్రోల్ బంకులు ఎక్కడున్నాయో ముందే చూసుకోవడం మంచిదే. పొద్దున బయల్దేరే ముందు అరటిపండు, రెండు ఇడ్లీలో బ్రెడ్డు ముక్కలో, అలవాటుంటే కాఫీ. ఖాళీ కడుపుతో లాంగ్ రన్ చేస్తే కొవ్వు ఎక్కువ కరుగుతుందని చెప్పేవాళ్ళున్నారు. మొదటి ఫుల్‌కు తయారయ్యేవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దని నా గట్టి అభిప్రాయం. పరుగు అయిన గంటలోపు గుడ్లు, ఇడ్లీ లాంటిది కడుపునిండా తిని, ఉప్పు మజ్జిగ తాగండి. మీరు మంచానికి అతుక్కుపోవడానికి సగం కారణం అప్పుడు సరిగా తినకపోవడమే అయ్యుండొచ్చు.

దారి ఎంచుకోవడం కూడా ట్రైనింగే. హైదరాబాద్ ఫుల్ నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డుకన్నా గచ్చిబౌలి ఎత్తు. అంటే మొత్తమ్మీద ఎక్కుడు దారే, మధ్యలో ఫ్లైఓవర్లు అదనం. ప్రతి ఆదివారం నెక్లెస్ రోడ్డు మీదే అటూ ఇటూ తిరిగితే ఆ ఎక్కుళ్ళకు కాళ్ళు సిద్ధం కావు. రెండు వారాలకోసారైనా కేబీఆర్ పార్కు చుట్టూ, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు వెళ్ళండి. ఎక్కేటప్పుడు వేగం చూసుకోవద్దు, ఊపిరి ఒకే తీరులో ఉండాలి. చిన్న అడుగులు, అవసరమైతే నడక. దిగేటప్పుడు ఎగిరెగిరి దూకొద్దు, తొడ ముందు కండరాలు దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. ఐదారు కిలోమీటర్ల చుట్టు ఒకటి ఎంచుకుని, బండి డిక్కీలో నీళ్ళు, తిండి పెట్టుకుంటే బెల్టు మోసే పని కూడా తప్పుతుంది.

ఆదివారం తెల్లవారుజామున రోడ్డు మీద ఎవరుంటారో గుర్తుంచుకోండి. శనివారం రాత్రి తాగి ఇంటికి పోతున్నవాళ్ళు. 2023 జులైలో హైదరాబాద్ శివార్లలో ఉదయపు నడకకు వెళ్ళిన తల్లీకూతుళ్ళను వేగంగా వచ్చిన కారు పొట్టనపెట్టుకుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వాహనాలకు ఎదురుగా కుడి పక్కన పరిగెత్తండి, వెలుతురు పడితే మెరిసే జాకెట్ వేసుకోండి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు, ముగ్గురు నలుగురు పక్కపక్కన రోడ్డంతా ఆక్రమించొద్దు. కుక్కలు వెంటపడితే పరిగెత్తడం ఆపి, వాటి వైపు తిరిగి, నెమ్మదిగా నడిచి దాటండి. కరిచినా, గోరు గీరుకున్నా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకా వేయించుకోండి, పరుగు మిగిలిపోయిందని చూడొద్దు.

చిన్న చిన్నవి త్వరగా చెప్తాను. తొడల మధ్య, చంకల్లో, మగవాళ్ళు ఛాతీ మీద కూడా వ్యాజ్‌లిన్ రాసుకోవాలి, వానలో తడిస్తే మరీ ముఖ్యం. నూలు బనియన్లు, నూలు సాక్సులు వద్దు. బూట్లు మామూలు సైజుకన్నా అర సైజు పెద్దవి తీసుకోండి, మూడు గంటల్లో పాదం ఉబ్బుతుంది. రేసులో వేసుకునే జత కనీసం రెండు లాంగ్ రన్లు చూసి ఉండాలి.

నొప్పుల విషయంలో మాత్రం తొందరపడను. మరుసటి రోజు తొడలు, పిక్కలు రెండు వైపులా సమానంగా పట్టేసినట్టుంటే భయం లేదు, రెండు రోజుల్లో పోతుంది. ఒకవైపే నొప్పి ఉంటే, ముఖ్యంగా ముంగాలి ఎముక మీదో పాదం మీదో వేలుపెట్టి ఇక్కడే అని చూపించగలిగితే, పరిగెత్తే కొద్దీ పెరుగుతుంటే, కుంటుతుంటే ఆపేయాలి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి చీలిక) కావచ్చు, డాక్టరుకు చూపించండి. నొప్పి తెలియకుండా బ్రూఫెన్, కాంబిఫ్లామ్ లాంటివి వేసుకుని లాంగ్ రన్‌కు వెళ్ళడం కొన్ని గ్రూపుల్లో మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు రక్తం అందడాన్ని ఇంకా తగ్గిస్తాయి.

జులై, ఆగస్టుల్లో మన దగ్గర వైరల్ జ్వరాలు, డెంగీ మామూలే. జ్వరం ఉండగా ఒక్క కిలోమీటరు కూడా పరిగెత్తొద్దు, గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. తగ్గాక నాలుగైదు రోజులు నడక, ఆపైన చిన్న పరుగులు. డెంగీ అయితే డాక్టరు చెప్పేదాకా అదీ వద్దు. తప్పిపోయిన ఆదివారం పరుగును మరుసటి వారం కలిపి పరిగెత్తే ప్రయత్నం చేయొద్దు. 13 వారాల్లో ఒక లాంగ్ రన్ పోయినంత మాత్రాన మారథాన్ పోదు. మీ నాన్నగారికి గుండె జబ్బు ఉందని ఒక మాట రాశారు. 30 కిలోమీటర్ల పరుగులకు వెళ్ళే ముందు, ఈ నెలలోనే, ఒకసారి డాక్టరును కలిసి ఈసీజీ, ఆయన చెప్తే ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకోండి. ఇది వాయిదా వేయొద్దు.

ప్రస్తుతానికి వచ్చే ఆదివారం 20 మాత్రమే, మొదటి కిలోమీటరు 8:15కు ఒక్క సెకను తగ్గకుండా. తొమ్మిది పరుగు, ఒకటి నడక. ముందూ వెనకా బరువు, దారిలో తాగింది, తిన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఆ అంకెలతో పాటు, మంగళవారం 8 కిలోమీటర్లు కాళ్ళు బరువెక్కకుండా వెళ్ళగలిగారో లేదో కూడా రాయండి. వెళ్ళగలిగితే 22కు పోదాం. లేకపోతే 20 దగ్గరే ఇంకో వారం ఉందాం.